బొగ్గు గని పక్కన ఊరి నీళ్లను కనిపెట్టుకుని ఉండటం: బావి ఎంపిక నుంచి రిపోర్టు చదవడం దాకా

ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచే గుంతగా తవ్వే) గని నడుస్తున్నంత కాలం చుట్టూ ఉన్న భూగర్భ జలం ఆ గుంతవైపే వాలుతుంది. అడుగున బొగ్గు తీయాలంటే రాత్రింబగళ్లు నీళ్లు తోడాలి, తోడేకొద్దీ మట్టం గుంత వైపు పడిపోతుంది. అందుకే పక్క ఊరి బావిలో చాలాసార్లు ముందు కనిపించేది నీళ్లు చెడిపోవడం కాదు, దిగిపోవడం. గని నీరు ఊరి నీటిని చేరే దారులు వేరే ఉన్నాయి. సంపు (గని అడుగున నీళ్లు చేరే గుంట) నుంచి తోడి వాగులోకో చెరువులోకో వదిలిన నీరు అక్కడ ఇంకుతుంది. ఓబీ డంపుల (బొగ్గు మీది మట్టీ రాయీ తీసి పోసిన గుట్టల) మీద పడిన వాన వాటిలోంచి దిగి, అడుగున ఊటగా బయటికొస్తుంది. ఇక మూడోది గని మూతబడ్డాక మొదలవుతుంది. పంపులు ఆగితే మట్టం మళ్లీ లేస్తుంది, అంతకాలం గుంతవైపు నడిచిన నీరు దారి మార్చుకుంటుంది.

కాబట్టి నీటి నాణ్యతను నీటిమట్టంతో కలిపి చూడాలి. ఏ ఒక్క రిపోర్టూ గని పాడు చేసిందనో చేయలేదనో తేల్చలేదు. తేల్చేది అదే బావి నుంచి, అదే నెలలో, అదే పద్ధతిలో ఏళ్ల తరబడి తీసిన అంకెల వరుస. ఈ మార్గదర్శి అంతా ఆ వరుస తెగకుండా, నమ్మదగ్గదిగా ఉండటానికే.

ఏం వెతకాలి, ఎందుకు

ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి వెంబడి గోదావరి లోయలో దొరికే బొగ్గు గోండ్వానా శిలల్లోది. ప్రధానంగా బరాకర్ ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది. ఈ బొగ్గులో గంధకం తక్కువ. అస్సాంలోని మాకుం, మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ కాబట్టి అక్కడ గని నీరు పచ్చి ఆమ్లంగా మారుతుంది. ఆ ప్రాంతాల గురించి చదివి మన దగ్గర కూడా పీహెచ్ పడిపోతుందేమోనని దాని ఒక్కదానికోసమే చూస్తే అసలు మార్పు కళ్లముందే జారిపోతుంది.

జరిగేది ఇది. రాతిలో ఉన్న కొద్దిపాటి పైరైట్‌కు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఇసుకరాతిని అతికించి ఉంచే సున్నపు పదార్థం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పీహెచ్ 7 దగ్గరే నిలబడుతుంది, కానీ విరిగిన ఆమ్లం తాలూకు సల్ఫేట్, కరిగిన సున్నం తాలూకు కఠినత్వం నీటిలో మిగిలిపోతాయి. అంటే పీహెచ్ 7.4 అని రిపోర్టులో చూసి ఊరట పడేలోపు సల్ఫేట్ ఏడాదికేడాది ఎక్కుతూ ఉండొచ్చు. సింగరేణి ప్రాంతంలో ముందుగా కదిలేవి విద్యుత్ వాహకత (కరిగిన లవణాలు పెరిగేకొద్దీ పెరిగే అంకె), సల్ఫేట్, కఠినత్వం, ఆ తర్వాత ఇనుము, మాంగనీసు.

నైట్రేట్‌ను వేరుగా చూడాలి. బ్లాస్టింగ్ మందులో అమ్మోనియం నైట్రేట్ ఉంటుంది. పూర్తిగా పేలని మందు, ఒలికిపోయిన మందు నీటిలో కరిగి సంపులోకి చేరుతుంది. గుంతల్లో కరెంటు ప్లాంటు బూడిద నింపుతుంటే జాబితాలో బోరాన్, ఆర్సెనిక్, సెలీనియం తప్పక చేర్చండి. వీటిలో బోరాన్ త్వరగా కరిగి నీటితో పాటు సాఫీగా కదులుతుంది, అందుకే బూడిద ప్రభావానికి అది మంచి సూచిక.

ఫ్లోరైడ్ కొలవండి, కానీ ఎక్కువ వచ్చిందని వెంటనే గని మీద వేయొద్దు. తెలంగాణలో గ్రానైట్ నేలల నీటిలో ఫ్లోరైడ్ దగ్గర్లో ఏ గనీ లేకపోయినా ఉంటుంది.

పోల్చుకోవడానికి తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో, మొదటిది ఆమోదయోగ్యం, రెండోది వేరే నీళ్లు దొరకనప్పుడు ఓర్చుకోగల గరిష్ఠం:

- కరిగిన మొత్తం లవణాలు 500, 2000
- కఠినత్వం 200, 600
- సల్ఫేట్ 200, 400
- క్లోరైడ్ 250, 1000
- ఫ్లోరైడ్ 1.0, 1.5
- మాంగనీసు 0.1, 0.3
- నైట్రేట్ 45, ఇనుము 1.0, ఆర్సెనిక్ 0.01, సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001: వీటికి సడలింపు లేదు
- పీహెచ్ 6.5 నుంచి 8.5

పాత పుస్తకాల్లో ఇనుముకు 0.3 అని ఉంటుంది. 2015 సవరణలో అది 1.0 అయింది. గని నుంచి బయటికి వదిలే నీటికి ఉన్న ప్రమాణం వేరు. దాన్ని తాగునీటి ప్రమాణంతో కలిపి చదవకండి.

ఏ బావులు

ముందు మ్యాపు గీయండి: గుంత, ఓబీ డంపులు, సంపు నీరు వదిలే చోటు, సెటిలింగ్ పాండ్ (మడ్డి దిగేదాకా గని నీళ్లు నిలిపే గుంట), బొగ్గు నిల్వ యార్డు, వాగులు, చెరువులు, ఊళ్లు, వాడకంలో ఉన్న ప్రతి బావీ బోరూ. పర్యావరణ అనుమతి అధ్యయనాల్లో సాధారణంగా లీజు సరిహద్దు నుంచి 10 కిలోమీటర్లు తీసుకుంటారు. ఊరి స్థాయిలో చేసేవాళ్లకు మొదటి 3 కిలోమీటర్లు గట్టిగా పట్టుకుంటే మేలు.

తర్వాత నీరు ఎటు నడుస్తోందో తేల్చండి. త్రిభుజంలా దూరందూరంగా ఉన్న కనీసం 3 బావుల్లో ఒకే రోజు మట్టం కొలవాలి. బావి ఒరమీద పెయింటుతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. ఆ గుర్తు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో సర్వే లెవెల్‌తో తీయించండి. ఫోన్ జీపీఎస్ చూపించే ఎత్తులో మీటర్ల కొద్దీ తప్పు ఉంటుంది, దానితో గీసిన నీటి దిశ తలకిందులు కావచ్చు. గుర్తు ఎత్తులోంచి లోతు తీసేస్తే నీటిమట్టం ఎత్తు వస్తుంది. ఎక్కువ ఎత్తు నుంచి తక్కువ ఎత్తుకు నీరు నడుస్తుంది.

కనీసం ఇవి ఉండాలి: ఎగువన, గని ప్రభావం సోకని పోలిక బావి ఒకటి, వీలైతే రెండు. డంపుకు దిగువన రెండు. నీళ్లు వదిలే వాగు ఒడ్డున ఒకటి. జనం తాగే బోర్లలో గనికి దగ్గరివి రెండు మూడు. వీటితోపాటు సంపు నీటినీ, డంపు కింద ఊటనూ ప్రతిసారీ పట్టాలి. మూలంలో ఏముందో తెలియకుండా బావిలో ఏం చేరిందో చెప్పలేం. సంపులోకి మాత్రం మీరు దిగకండి. విడుదల పైపు దగ్గర, అనుమతితో పట్టండి.

పోలిక బావి ఎంపికలో పెద్ద పొరపాటు వేరే రాతిలోని బావిని పట్టుకోవడం. గ్రానైట్ బావిని పోలికగా పెట్టి ఇసుకరాతి బావిని దానితో తూచితే రాళ్ల తేడాయే గని ప్రభావంలా కనిపిస్తుంది. లోతు కూడా అంతే ముఖ్యం. 12 మీటర్ల చేద బావి పైపొర నీటిని చూపిస్తుంది, 120 మీటర్ల బోరు బొగ్గు పొరల మధ్య ఒత్తిడిలో ఉన్న నీటిని తాగుతుంది. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు వేస్తే మోటారు లేకుండానే వేడి నీళ్లు పైకి ఉబుకుతాయి. అంటే ఒకే ఊరి కింద రెండు వేర్వేరు నీళ్లు ఉన్నట్టే. వాటి అంకెల్ని ఒకే గ్రాఫులో వేయకూడదు.

కొత్తగా పరిశీలన బోరు వేయిస్తుంటే ఒక బోరు ఒక పొర నీటినే చూసేలా ఉండాలి. ఆరున్నర అంగుళాల బోరులో 4 అంగుళాల పీవీసీ పైపు, చూడదలిచిన పొర దగ్గర మాత్రమే చీలికలున్న పైపు, చుట్టూ శుభ్రమైన గులకరాయి, దాని మీద కనీసం ఒక మీటరు బెంటొనైట్ మట్టి, ఆ పైన నేల దాకా సిమెంటు పాలు. బెంటొనైట్ ఎగ్గొడితే వానాకాలం పైనీళ్లు పైపు వెంబడి జారి కిందకి చేరతాయి. అప్పుడు బోరే కాలుష్యానికి దారి అవుతుంది. తాళం వేసే మూత పెట్టించండి.

ఎప్పుడెప్పుడు

కేంద్ర పర్యావరణ శాఖ గనులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో బావుల మట్టం, నాణ్యత ఏడాదికి నాలుగుసార్లు చూడాలని సాధారణంగా ఉంటుంది: ఏప్రిల్-మేలో, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో. ఇదే క్యాలెండరు పెట్టుకుంటే మీ అంకెల్ని గని యాజమాన్యం అంకెల పక్కన నేరుగా పెట్టొచ్చు. మట్టం మాత్రం నెలనెలా కొలవండి, దానికి ల్యాబ్ ఖర్చు లేదు. వీలైతే జూన్‌లో మొదటి గట్టి వాన పడ్డ రెండు మూడు రోజులకు డంపు ఊటను అదనంగా ఒకసారి పట్టండి. ఎండాకాలమంతా డంపులో పేరుకున్న లవణాలు మొదటి వానకే దిగుతాయి. నవంబరు దాకా ఆగితే కడిగేసిన నీరే దొరుకుతుంది.

గని ఇంకా తవ్వకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. తవ్వకానికి ముందు కనీసం ఒక పూర్తి ఏడాది, నాలుగు కాలాల అంకెలు ఉంటే వాటికున్న బలం తర్వాత తీసే వంద నమూనాలకూ రాదు.

ముందు రోజు

పీహెచ్ మీటరును 4, 7, 10 ద్రావణాలతో, వాహకత మీటరును 1413 మైక్రోసీమెన్స్ ద్రావణంతో సరిచూసి, వచ్చిన అంకెలు నోటు పుస్తకంలో రాయండి. పీహెచ్ ఎలక్ట్రోడును డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టొద్దు, పాడవుతుంది. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి. జేబులో పెట్టుకునే టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాల) పెన్ను నిజానికి కొలిచేది వాహకతనే. దాన్ని ఒక్కో కంపెనీ ఒక్కో గుణకంతో హెచ్చవేసి చూపిస్తుంది. అందుకే టీడీఎస్ కాదు, వాహకత రాయండి.

మిగతా సరంజామా: నీటిమట్టం కొలిచే ఎలక్ట్రిక్ టేపు, బకెట్, గడియారం, చేతి తొడుగులు, కళ్లద్దాలు, 0.45 మైక్రాన్ ఫిల్టర్లు, సిరంజి, ఐస్ పెట్టె, నీటికి చెదరని మార్కరు, ల్యాబ్ ఇచ్చిన సీసాలు. ఐస్ పెట్టెలో ఐస్ విడిగా పోస్తే కరిగిన నీళ్లలో లేబుళ్లు ఊడిపోతాయి. ఐస్‌ను కవర్లలో కట్టి పెట్టండి.

బావి దగ్గర

1. ఏం కదిలించకముందే మట్టం కొలవండి. రెండుసార్లు కొలిచి సెంటీమీటరు దాకా రాయండి. చుట్టుపక్కల మోటార్లు నడుస్తున్నాయా, ఎంతసేపటి నుంచి అన్నదీ రాయండి. పక్క పొలం మోటారు నడుస్తుంటే వచ్చేది నిలకడ మట్టం కాదు.

2. నిలవ నీళ్లు తోడేయండి. పైపులో నిలిచిన నీరు నేలలోని నీరు కాదు, గాలి తగిలి ఇనుము అడుగున పేరుకుని ఉంటుంది. వాడుకలో ఉన్న పద్ధతి నిలవ నీటికి మూడు రెట్లు తోడటం. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు లోతుకు దాదాపు 21 లీటర్లు, 4 అంగుళాల పైపులో దాదాపు 8 లీటర్లు పడతాయి. ఆరున్నర అంగుళాల బోరులో 20 మీటర్ల నీరుంటే నిలవ 430 లీటర్లు, తోడాల్సింది 1,300 లీటర్ల దాకా. మోటారుకు ఇది కాసేపటి పని, చేతి బోరింగుతో గంట దాటుతుంది. అందుకే బోరింగు దగ్గరికి పొద్దున ఊరంతా నీళ్లు పట్టుకుంటున్న వేళ వెళ్లండి, తోడే పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

3. తోడేటప్పుడు 5 నిమిషాలకోసారి పీహెచ్, వాహకత, ఉష్ణోగ్రత చూడండి. వరసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపు, వాహకత 3 శాతం లోపు తేడాతో నిలిస్తే అప్పుడు సీసా తీయండి. లెక్కలో మూడు రెట్లు పూర్తయినా అంకెలు కదులుతుంటే ఇంకా తోడాలి.

4. ట్యాంకు నుంచి, నల్లా నుంచి పట్టొద్దు. ట్యాంకులో క్లోరిన్ కలుస్తుంది, ఇనుము కింద దిగిపోతుంది. బోరు మూతి దగ్గరే పట్టాలి.

5. పీహెచ్, ఉష్ణోగ్రత, వాహకత, క్షారత్వం (ఆమ్లాన్ని విరిచే శక్తి) అక్కడికక్కడే. నేలలోంచి వచ్చిన నీటిలోని కార్బన్ డయాక్సైడ్ దారిలో ఎగిరిపోయి ల్యాబ్‌కు చేరేసరికి పీహెచ్ పెరుగుతుంది. క్షారత్వానికి 100 మిల్లీలీటర్ల నీటిలో 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పీహెచ్ 4.5 వచ్చేదాకా చుక్కచుక్కగా వేయండి. ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల క్షారత్వం.

సీసాలు

లోహాలకు ఆమ్లంతో కడిగిన ప్లాస్టిక్ సీసా. నీటిని ముందు 0.45 మైక్రాన్ ఫిల్టరులోంచి పంపి, ఆ తర్వాత నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. ఈ వరుస తారుమారైతే రిపోర్టు పనికిరాదు. మడ్డి నీటిలో ముందే ఆమ్లం పోస్తే మట్టిరేణువుల్లోని ఇనుము, అల్యూమినియం కరిగి నీటిలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఆమ్లం అసలు పోయకపోతే కరిగిన ఇనుము తుప్పుగా మారి సీసా గోడకు అంటుకుని, రిపోర్టులో లేనట్టే వస్తుంది. తాగేవాళ్లు ఫిల్టరు చేయకుండానే తాగుతారు కాబట్టి తాగు బోర్ల దగ్గర ఫిల్టరు చేయనిది కూడా ఒక సీసా పట్టి, లేబుల్ మీద తేడా స్పష్టంగా రాయండి.

సల్ఫేట్, క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్‌కు ఆమ్లం లేని ప్లాస్టిక్ సీసా. బావి నీటితోనే మూడుసార్లు తొలిచి, గాలి మిగలకుండా నింపి, 4 డిగ్రీల దగ్గర ఉంచండి. నైట్రేట్ పరీక్ష 48 గంటల్లో జరగాలి, కాబట్టి శనివారం నమూనా తీయకండి. ఆమ్లం ముందే పోసి ఇచ్చిన సీసాలను మాత్రం తొలవకూడదు. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబ్ ఇచ్చిన శుద్ధిచేసిన సీసాయే వాడాలి, అదే రోజు చేర్చాలి.

ప్రతి పది నమూనాలకు ఒక జంట నమూనా, ఒక ఖాళీ నమూనా చేర్చండి. జంట అంటే అదే బావి నీరు, వేరే పేరుతో. రెండింటి తేడా 20 శాతం దాటితే తీసిన తీరులోనో ల్యాబ్‌లోనో లోపం ఉంది. ఖాళీ నమూనా అంటే డిస్టిల్డ్ వాటర్‌ను అదే ఫిల్టరు, అదే ఆమ్లంతో నింపిన సీసా. దానిలో జింకు బయటపడితే అది బావిది కాదు, మీ సామాను తెచ్చినది.

ల్యాబ్, రిపోర్టు

ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడిగి ఆగిపోవద్దు. మీకు కావాల్సిన ప్రతి పరీక్షా ఆ గుర్తింపు జాబితాలో ఉందా అని చూడండి. ఆ పద్ధతిలో ఎంత తక్కువ దాకా కొలవగలరో ముందే రాయించుకోండి. ఆర్సెనిక్ పరిమితి 0.01 అయితే, 0.05 దాకానే కొలవగల యంత్రం ఇచ్చే బీడీఎల్ (కొలవగల హద్దు కంటే తక్కువ) అన్న మాటకు అర్థం లేదు.

రిపోర్టు చేతికి రాగానే చేయాల్సిన పని అయాన్ల తూకం. నీటిలో కరిగిన ధన, రుణ అయాన్ల మొత్తాలు దాదాపు సమానం కావాలి. ల్యాబ్ తప్పులు చాలావరకు ఇక్కడే దొరుకుతాయి. కాల్షియాన్ని 20.04తో, మెగ్నీషియాన్ని 12.15తో, సోడియాన్ని 23తో, పొటాషియాన్ని 39.1తో భాగించి కూడండి. అటువైపు బైకార్బొనేట్‌ను 61తో, క్లోరైడ్‌ను 35.45తో, సల్ఫేట్‌ను 48.03తో, నైట్రేట్‌ను 62తో భాగించి కూడండి. క్షారత్వం మాత్రమే ఇచ్చి ఉంటే 1.22తో హెచ్చవేస్తే బైకార్బొనేట్ వస్తుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ: కాల్షియం 96, మెగ్నీషియం 48, సోడియం 69, పొటాషియం 4 అయితే మొత్తం 11.84. బైకార్బొనేట్ 305, క్లోరైడ్ 106, సల్ఫేట్ 160, నైట్రేట్ 22 అయితే మొత్తం 11.67. తేడా 0.17ని రెండింటి మొత్తం 23.51తో భాగిస్తే 0.7 శాతం. 5 శాతం లోపుంటే నమ్మొచ్చు. 10 దాటితే మళ్లీ పరీక్షించమనండి. ఆ తూకంలోని చిన్న మొత్తాన్ని 100తో హెచ్చవేస్తే దాదాపు వాహకత రావాలి, ఇక్కడ 1,170 దరిదాపుల్లో. బావి దగ్గర మీరు రాసుకున్నది 700 అయితే సీసాలు మారిపోయాయేమో చూడండి.

గనిదా, పొలానిదా, రాతిదా

దిగువ బావిలో సల్ఫేట్ పెరుగుతూ, ఎగువ పోలిక బావిలో నిలకడగా ఉండి, క్లోరైడ్ రెండింటా పెద్దగా కదలకపోతే గని లేదా డంపు మీదికి వేలు చూపవచ్చు. అందుకే ప్రతి బావికీ సల్ఫేట్‌ను క్లోరైడ్‌తో భాగించి ఆ అంకెను కాలంతో పాటు గీయండి. ఎండాకాలం నీరు చిక్కబడి రెండూ పెరిగినా నిష్పత్తి మారదు. గని నీరు కలిస్తే ఎక్కుతుంది.

నైట్రేట్ దగ్గర తొందర వద్దు. పత్తి, మిర్చి, వరి పొలాల కింద నైట్రేట్ ఎరువుల నుంచి వస్తుంది, ఊరి మధ్యన మరుగుదొడ్ల గుంతల నుంచి వస్తుంది. క్లోరైడ్, పొటాషియం, కోలిఫాం (మలంతో వచ్చే బ్యాక్టీరియా) కూడా కలిసి పెరిగితే మురుగును అనుమానించండి. సంపు నీటిలో నైట్రేట్‌తో పాటు అమ్మోనియా ఎక్కువగా ఉండి, వాగు వెంబడి దిగువకు తగ్గుతూ పోతే బ్లాస్టింగ్ మందును అనుమానించవచ్చు. అప్పటికీ తేలకపోతే నైట్రోజన్ ఐసోటోపుల పరీక్ష ఉంది.

చేతి బోరింగులో ఇనుము, జింకు రెండూ ఎక్కువ ఉంటే ముందు జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు తుప్పు పట్టాయేమో చూడండి. బాగా తోడాక ఇనుము సగానికి పడిపోతే తప్పు పైపుది.

హెచ్చరిక గీతను ప్రమాణం దగ్గర పెట్టొద్దు. ఒక్కో బావి తొలి 8 నుంచి 10 అంకెల సగటుకు ప్రామాణిక విచలనానికి (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) రెండు రెట్లు కలిపి గీయండి. సల్ఫేట్ 40 దగ్గర నిలకడగా ఉన్న బావి 110కి వస్తే ప్రమాణం ప్రకారం అది మంచి నీరే, కానీ ఆ బావిలో ఏదో మారింది. 200 దాకా ఆగడమంటే ఏళ్లు పోగొట్టుకోవడమే.

గీత దాటితే

10 రోజుల్లోపు అదే బావి నుంచి జంట నమూనా తీసి, వీలైతే రెండు ల్యాబ్‌లకు పంపండి. నైట్రేట్, ఆర్సెనిక్, సీసం వంటివి పరిమితి దాటితే రెండో రిపోర్టు కోసం ఎదురుచూడకుండా తాగడం ఆపమని చెప్పండి, మిషన్ భగీరథ నీటికి మళ్లించండి. నైట్రేట్ నీరు ముఖ్యంగా నెలల పసిపిల్లలకు ప్రమాదం. ఆ నీటిని కాచితే నైట్రేట్ ఇంకా చిక్కబడుతుందే తప్ప పోదని ఇంటింటికీ చెప్పాలి.

రెండో రిపోర్టు కూడా అదే చెబితే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, భూగర్భ జల శాఖ జిల్లా అధికారికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. జత చేయాల్సినవి: బావి స్థానం, లోతు, ఆనాటి మట్టం, తోడిన లీటర్లు, మీటరు సరిచూసిన అంకెలు, సీసాల చేతుమార్పిడి కాగితం (ఎవరి నుంచి ఎవరికి ఎప్పుడు చేరాయో రాసినది), ల్యాబ్ రిపోర్టు, అయాన్ల తూకం, గత వరుస గ్రాఫు. గని పర్యావరణ అనుమతి పత్రం, ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన అమలు నివేదికలు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వెతకండి, దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. అందులో వాళ్లు చూపిన బావులు ఏవో, మీ బావులకు ఎంత దూరమో మ్యాపు మీద పెట్టి చూడండి. పరిశీలన బావులన్నీ ఎగువనే ఉండి దిగువన ఒక్కటీ లేకపోతే ఆ సంగతే లేఖలో మొదటి పేరాగా రాయండి.

గని మూతబడ్డ రోజు పుస్తకం మూసేయకండి. పంపులు ఆగిన మొదటి రెండేళ్లు మట్టం నెలకోసారి, నాణ్యత మూడు నెలలకోసారి చూడాలి. పాత గనుల్లో గాలి తగిలి పేరుకున్న లవణాలు మొదటి నింపుడుకే కరుగుతాయి, సల్ఫేట్, ఇనుము అప్పుడే ఎక్కువగా కనిపిస్తాయి. మట్టం గనికి ముందున్న ఎత్తుకు చేరి నిలకడపడ్డాకే కొలతలు ఏడాదికి రెండుసార్లకు, మే, నవంబరు నెలలకు తగ్గించండి.